డొంక కదలినప్పుడు

తీగ లాగిన డొంకంతయు కదలునను సామెత మన గృహిణులకు క్రొత్తది కాదు. గోచిని ఎలుకలు కొరుకుచున్నవని పిల్లిని, పిల్లికి పాలకై ఆవును, ఆవును మేపుటకై సంసారమును సమకూర్చుకొన్న సన్న్యాసి కథయు మన మెరిగినదే. పాత మోటారుబండ్ల మరమ్మతు విషయమున ఈ రెండును అక్షరాల నిజములని మా నారాయణఖేడులో నాకు తెలియవచ్చినది.

మా మామగారికి 1972వ సంవత్సరపు అంబాసిడరు కారొకటి కలదు. కలకత్తా సమీపమున ఉత్తరపారాలో సాగిన ఆ బండ్ల నిర్మాణము 2014లో నిలిచిపోయినది. నిరుడు వానకాలమున ముందరి అద్దము చుట్టునున్న రబ్బరు బీటలువారి, లోనికి నీరు కారుచుండెను. రబ్బరు మార్చిన చాలునని మావారు కారును మిస్త్రీకి అప్పగించిరి.

అద్దము తీయగా దాని అంచు త్రుప్పుపట్టి యుండెను. కాళ్లక్రింది పట్టాను లేవనెత్తగా అడుగు రేకునకు చిల్లులు కానవచ్చినవి. తలుపులక్రింది రేకులు వ్రేలితో నొక్కినంతనే లోనికి పోవుచుండెను. రేకు అతుకుటకు మంట పెట్టవలెను గనుక సీట్లను, విద్యుత్తు తీగలను ఊడదీసిరి. ఊడదీయగానే తీగల పైపూత పొడియై రాలినది. పాత మరలు కొన్ని త్రిప్పగానే తెగినవి.

అప్పుడు మిస్త్రీ, “ఎట్లైనా అంత ఇప్పినం గద అమ్మా, ఇంజను పని, రంగు పని సుత ఇప్పుడే చేయించుండ్రి” అనెను. ఆ “ఎట్లైనా” అను మాటలోనే ఉన్నది ప్రమాదమంతయు. అవసరమైన పనికిని, ముచ్చటైన పనికిని నడుమనుండు గట్టును అది తెంచివేయును. క్రొత్తది ఒకటి అమర్చగానే ప్రక్కనున్న పాతది మరింత పాతదిగా తోచును.

బండి తిరిగినందుననే చెడుననుకొనరాదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి పసుపువన్నె రోల్సురాయిసు కారున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దానిని కోరి చేయించెను గాని, 1911లోనే మరణించుటచే దానిని ఎక్కనేలేదు. అది నాలుగువందల మైళ్లైనను తిరగలేదందురు. అయినను దశాబ్దములు మూలబడియుండుటచే దానికిని మరమ్మతు తప్పలేదు. చెమ్మకును కాలమునకును రాజుబండియు బడిపంతులుబండియు ఒక్కటే.

మా యింట ఆ పనికి మిగిలిన ధనము మా అమ్మాయి కళాశాల చదువునకై దాచినది మాత్రమే. అందుచే నేను పనులను రెండు వరుసలుగా వ్రాసితిని: ప్రాణమునకు సంబంధించినవి, కంటికి సంబంధించినవి. అంబాసిడరుకు లారీకి వలె క్రింద వేరు చట్రము లేదు. పైకట్టే భారమంతయు మోయును. కావున అడుగు రేకు, తలుపులక్రింది రేకులు, తీగలు, బ్రేకులు మొదటి వరుసను చేరినవి. రంగు, సీట్లగుడ్డ రెండవ వరుసకు పోయినవి. బాగుగనే నడుచుచున్న ఇంజనును విప్పనీయలేదు. 2021 నాటి కేంద్ర నిబంధనలు సయితము, 50 ఏండ్లు దాటి, పెద్ద మార్పులు లేక తొలిరూపమున నిలిచిన బండ్లకే “వింటేజి” గౌరవమును ఇచ్చుచున్నవి. మామగారు ఆ కాగితమును చదివి, “నా చేతులు పట్టి నునుపుదేలిన స్టీరింగు మాత్రము మార్చవద్దమ్మా” అని, ఇంకేమియు కోరలేదు. చదువు సొమ్ము చెక్కుచెదరలేదు.

సోదరీమణులారా, పాత ఇల్లైనను, పాత బండియైనను విప్పింపకముందే ఎచ్చట ఆగవలెనో నిశ్చయించుకొనుడు. విప్పిన పిదప నిశ్చయము మన చేతిలో నుండదు.