శూన్యం దొరికే చోటు

శూన్యంతో పని చేయించుకోవచ్చునంటే వేదాంతంలా వినిపిస్తుంది కానీ, పాత కార్లు నడిపేవారికి అది నిత్యానుభవమే. పెట్రోలు ఇంజన్ పీల్చుకోబోయే గాలికి కార్బురేటరులోని థ్రాటిల్ బిళ్ళ అడ్డుగా నిలుస్తుంది. పిస్టన్లు పీలుస్తూనే ఉంటాయి, గాలి చాలినంత రాదు. ఆ వెలితి మ్యానిఫోల్డులో నిలిచిపోతుంది. మెకానిక్కులు దాన్నే వ్యాక్యూం అంటారు. నిజానికి శూన్యం దేనినీ లాగదు. బయటి వాతావరణమే దానిలోకి నెట్టుకొస్తుంది.

మా నాన్నగారి అంబాసిడర్ 1970లలో తయారైనది. కిందటేడు ఆయన కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. వయసు 74. ఇక బండి నడపవద్దని ఇంటిల్లిపాదీ చెప్పిచూశాం, ఆయన వినలేదు. ఆ బండి బ్రేకుకు ఇంజన్ నుంచి ఏ సహాయమూ అందదు. కాలు ఎంత బలంగా తొక్కితే అంతవరకే ఆగుతుంది. నాకు రెండే దారులు కనిపించాయి: తాళంచెవి దాచేయడం, లేదా బ్రేకుకు బలం చేకూర్చడం. మొదటిదానికి మనసొప్పలేదు.

బ్రేకు బూస్టర్ అనేది ఒక డబ్బా. మధ్యలో రబ్బరు పొర. ఒకవైపు వ్యాక్యూం, మరొకవైపు బయటి గాలి. పొర వ్యాసం 20 సెంటీమీటర్లు, వ్యాక్యూం 18 అంగుళాల పాదరసం అనుకుంటే, ఆ పొర మీద పడే ఒత్తిడి సుమారు 190 కిలోల బరువుకు సమానం. నొప్పి పెట్టే మోకాలికి అంతకన్నా తోడేం కావాలి?

అయితే ఆ వ్యాక్యూం ఎక్కడినుంచి తీసుకోవాలి? బానెట్ ఎత్తగానే కంటపడేది కార్బురేటరు నుంచి డిస్ట్రిబ్యూటరుకు వెళ్ళే సన్నగొట్టం. దానికే ఒక 'టి' తగిలిస్తే చాలదా అని అడిగాను. షెడ్డులోని పెద్దాయన నవ్వి, "అది ఈలేసుకోడానికి పనికొస్తాది గానీ, బ్రేకుకి రాదు బాబూ" అన్నాడు. ఆయన మాటలో శాస్త్రముంది. ఆ గొట్టం రంధ్రం థ్రాటిల్ బిళ్ళ అంచుకు బయటివైపున ఉంటుంది. బిళ్ళ మూసుకుని ఉన్నప్పుడు, అంటే సరిగ్గా బ్రేకు తొక్కే వేళకు, అక్కడ వ్యాక్యూం దాదాపు ఉండదు. అది స్పార్కు సమయాన్ని సవరించడానికి ఏర్పరచినది, దాని మానాన దాన్ని ఉండనివ్వాలి.

కావలసింది బిళ్ళకు లోపలివైపు, మ్యానిఫోల్డులో, నాలుగు సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న చోట. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు అక్కడ 17 నుంచి 21 అంగుళాల దాకా చూపిస్తుంది. మ్యానిఫోల్డును ఊడదీసి, బల్ల మీద పెట్టి రంధ్రం వేశారు. ఇంజన్ మీద ఉండగానే వేస్తే ఇనుపరజను లోపలికి పోతుంది. పీల్పుకు నొక్కుకుపోని దళసరి గొట్టం, మధ్యలో ఒక నాన్-రిటర్న్ వాల్వు బిగించారు.

ఈ ఏర్పాటులో నాకు ముచ్చట గొలిపినది ఒకటుంది. యాక్సిలరేటరు నుంచి కాలు తీయగానే వెలితి పెరుగుతుంది. బ్రేకుకు కావలసింది సరిగ్గా ఆ క్షణమే. ఒకప్పటి అమెరికా కార్లలో వైపర్లను కూడా వ్యాక్యూంతోనే ఆడించేవారు. వానలో ఎత్తెక్కుతూ యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే వెలితి పూడిపోయి, అవి అద్దం మధ్యన ఆగిపోయేవి. మూలం ఒకటే అయినా ఒకదానికి నప్పినది మరొకదానికి నప్పలేదు. డీజిల్ ఇంజన్లకు సాధారణంగా థ్రాటిలే ఉండదు కనుక, వాటికి వేరే పంపు పెట్టి వ్యాక్యూం పుట్టిస్తారు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. నాన్నగారికి నలభయ్యేళ్ళ అలవాటొకటి ఉంది. సింహాచలం కొండ దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని ఇంజన్ ఆపి, న్యూట్రల్లో దిగుతారు. ఇప్పుడు ఇంజన్ ఆగితే వ్యాక్యూం పుట్టదు. డబ్బాలో నిలవ ఉన్నది రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోతుంది. తోడుకు అలవాటుపడిన కాలికి ఆపైన ఏ తోడూ ఉండదు. ఈ సంగతి మాటలతో చెబితే ఆయన నమ్మరు.

ఇంటి ముందు బండి నిలిపి, ఇంజన్ ఆపి, తొక్కి చూడమన్నాను. ఒకటి, మెత్తగా దిగింది. రెండు, కొంచెం బిగిసింది. మూడు. నాలుగోసారికి పెడలు రాయిలా నిలబడింది. కాలు అలాగే ఉంచి స్టార్టు చేయమన్నాను. ఇంజన్ అందుకోగానే పెడలు ఆయన పాదం కింద కాస్త కిందికి జారింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అయితే దిగేటప్పుడు కూడా పెట్రోలు పొయ్యాలన్నమాట!" అన్నారు.

ఆ ఆదివారం కొండ దిగేటప్పుడు నేను పక్కసీట్లో ఉన్నాను. మొదటి వాలు రాగానే ఆయన చెయ్యి అలవాటుగా తాళంచెవి మీదికి వెళ్ళింది. ఒక్క క్షణం అక్కడే నిలిచింది. తిరిగి వచ్చి గేరు తగ్గించింది.