అట్టపెట్టెలో సైకిలు: నాన్నకు మూడు ఉత్తరాలు

ఢిల్లీ, జులై 12

నాన్నా,

క్షేమంగా చేరాను. సైకిలూ చేరింది. "అంత సైకిలును విమానంలో ఎలా పెట్టావమ్మా?" అని ఫోనులో అడిగావు. ఒక్క నిమిషంలో చెప్పే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కొత్త సైకిళ్లు అట్టపెట్టెల్లో వస్తాయి కదా, హైదరాబాద్‌లో మా వీధి చివరి షాపాయన అలాంటిది ఒకటి ఇచ్చాడు. ఆ సైకిళ్ల ముందు ఫోర్కు కాళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టి పంపుతారు. అదీ అడిగి తీసుకున్నాను. ముందు చక్రం తీసేశాక ఆ కాళ్ల మధ్య అంతా ఖాళీయే. పైన పది సూట్‌కేసులు పడితే అవి లోపలికి నొక్కుకుపోతాయి. వేలెడంత ముక్కే వాటిని కాపాడుతుంది.

పెడళ్ల దగ్గర నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు తెనాలిలో మన కొట్టు ముందు నా చేతిలో పానా పెట్టి, పైన నీ చెయ్యి వేసి తిప్పించావు. కుడి పెడల్ అన్ని నట్లలాగే ఊడుతుంది, ఎడమది మాత్రం గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తొక్కుతుంటే వదులైపోకుండా ఎడమ మరను తిరగేసి చేస్తారని అప్పుడే చెప్పావు. మొన్న రాత్రి 15 నంబరు పానా పట్టుకోగానే నా చెయ్యి తనంతట తానే అటు తిరిగింది.

సీటు దించే ముందు ఎత్తు తెలిసేలా గొట్టం చుట్టూ టేపు అంటించాను. హ్యాండిల్ విప్పి ఫ్రేముకు ఆనించి కట్టాను. అన్నిటికన్నా భయం వెనక గేరు డీరెయిలర్ గురించే. అది వేలాడే కొక్కెం మెత్తటి అల్యూమినియం ముక్క. కాస్త వంగినా గేర్లు జారిపోతాయి. అందుకని దాన్ని ఊడదీసి, గుడ్డ చుట్టి, చైనుతో సహా ఫ్రేము లోపలివైపు కట్టేశాను. డిస్కు బ్రేకులో ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చాను. చక్రం లేనప్పుడు బ్రేకు పొరపాటున నొక్కుకుంటే ప్యాడ్లు దగ్గరకు వచ్చేస్తాయి, తర్వాత డిస్కు వాటి మధ్యకు దూరదు.

లైట్ల బ్యాటరీలు, పవర్‌బ్యాంకు చేతిసంచిలో పెట్టుకున్నాను. పవర్‌బ్యాంకును సామాన్లలో వేయనివ్వరు. పానాలు, ఆలెన్ కీలు పెట్టెలోకే వెళ్లాయి, వాటిని మనతోపాటు పైకి రానివ్వరు. పొయ్యి గ్యాసు డబ్బా ఎందులోనూ కుదరదు, లేహ్ దాకా తొక్కడం మొదలుపెట్టే మనాలిలోనే కొంటాను. పెట్టె 18 కిలోలు తూగింది. నా టికెట్టుకు 15 కిలోలే ఉచితం, మిగిలిన మూడింటికీ డబ్బు కట్టాను.

విప్పిన ప్రతి బోల్టునూ దాని రంధ్రంలోనే మళ్లీ తిప్పి పెట్టడం నీ అలవాటు కదా, అలాగే చేశాను. ముందు చక్రం ఇరుసు కడ్డీ ఒక్కటే పెట్టెలో విడిగా పడేశాను. ఇక్కడ సామాను అందుకునేసరికి పెట్టె ఒక మూల చినిగి, ఆ కడ్డీ సగం బయటికి వచ్చి ఉంది. చూడగానే గుండె ఝల్లుమంది. అది దారిలో పడిపోయి ఉంటే నా యాత్ర ఇక్కడే ఆగిపోయేది.

మనాలి, జులై 14

నాన్నా,

రాత్రంతా బస్సు డిక్కీలో ప్రయాణించి పెట్టె ఇక్కడికి చేరింది. గెస్ట్‌హౌస్ వరండాలో విప్పాను. విప్పిన వరుసకు సరిగ్గా ఎదురు వరుసలో బిగించాను. నలభై నిమిషాలు పట్టింది. పెడల్ మరకు కాస్త గ్రీజు రాసి, మొదటి నాలుగు చుట్లూ వేళ్లతోనే తిప్పాను. మర అడ్డంగా పడితే వేలికి వెంటనే తెలుస్తుంది, పానాకు తెలియదు. క్రాంకు మర పాడైతే ఈ కొండల్లో దిక్కులేదు. తర్వాత బ్రేకులు నొక్కి చూసి, గేర్లన్నీ మార్చి చూసి, వీధిలో రెండు చుట్లు తిరిగొచ్చాకే కాఫీ తాగాను.

అట్టపెట్టెను వెంట తీసుకెళ్లలేను కాబట్టి ఇక్కడే ఇచ్చేశాను. ఫోర్కు ముక్క, ఫ్రేముకు చుట్టిన స్పాంజి గొట్టాలు మాత్రం సంచి అడుగున పెట్టుకున్నాను. లేహ్‌లో పెట్టె దొరకొచ్చు, ఈ ముక్క దొరకకపోవచ్చు.

లేహ్, జులై 27

నాన్నా,

వచ్చేశాను! మొన్న తంగ్‌లాంగ్ లా కనుమ ఎక్కాను. 5,328 మీటర్ల ఎత్తు. పది అడుగులు తోసుకుంటూ నడవడం, నిలబడి ఊపిరి తీసుకోవడం. అక్కడ ఫోనులో నువ్వడిగిన రెండో ప్రశ్న గుర్తొచ్చింది: "టైర్లలో గాలి తీయకపోతే ఆకాశంలో పేలిపోవా?"

పేలవు నాన్నా. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి ఒత్తిడిని సుమారు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతకన్నా తగ్గనివ్వరు. సామాన్లు పెట్టే చోటా అంతే. తంగ్‌లాంగ్ లా మీద బయటి ఒత్తిడి సముద్ర తీరంలో ఉన్నదానిలో దాదాపు సగమే. మనాలిలో కొట్టిన గాలితోనే టైర్లు దాన్ని దాటి వచ్చాయి. అయినా గాలి తగ్గించమని విమానం వాళ్లు అడుగుతారు, తగ్గించాలి. అంతా తీసేయకూడదు. కొంచెం మెత్తగా ఉంచితే దెబ్బ తగిలినప్పుడు రిమ్ము వంగకుండా టైరే కాస్తుంది.

బజారులో సైకిళ్లు అద్దెకిచ్చే షాపులో పెట్టె దొరికింది. ఇక్కడ విమానాలు ఎక్కువగా పొద్దున్నే బయలుదేరతాయి, అందుకే ఈ సాయంత్రమే సర్దేశాను. ఈసారి ఇరుసు కడ్డీని, చిన్న సామానంతటినీ ఒకే సంచిలో వేసి, సంచిని ఫ్రేముకు కట్టాను. పెట్టె ఎత్తి బాగా ఊపి చూశాను. లోపల ఏదీ కదల్లేదు, చప్పుడు రాలేదు. సైకిలు సరిగ్గా సర్దామని చెప్పడానికి అంతకు మించిన పరీక్ష లేదు. పెట్టె ఎంత గట్టిదన్నది తర్వాతి మాట.

మన వీధి కుర్రాళ్లు ఎవరైనా విమానంలో సైకిలు తీసుకెళ్తామంటే వాళ్లకు ఒకటే చెప్పు: షాపులో డబ్బులిచ్చి సర్దించుకోవద్దు. ఒక్కసారైనా సొంత చేత్తో విప్పి బిగించమను. దిగిన ఊళ్లో ఆ షాపతను ఉండడు.

ఎల్లుండి గన్నవరంలో దిగి నేరుగా ఇంటికే వస్తున్నాను. పెట్టె నీ ముందే విప్పుతాను. ఎడమ పెడల్ నువ్వు బిగిద్దువుగాని.

నీ చిన్నమ్మాయి