నలభై, వంద

మా నాన్న వైర్‌మన్. కాలేజీలో ఆ సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాను.

ఒకరోజు ఫిజిక్స్ లాబ్‌లో మాస్టారు అడిగారు: "40 వాట్ల బల్బూ, 100 వాట్ల బల్బూ సీరీస్‌లో కలిపితే ఏది బాగా వెలుగుతుంది?"

"వందే సార్!" అన్నాను ఠక్కున.

"కట్టి చూడు నాయనా" అన్నారాయన.

ఇంటికెళ్లి నాన్ననడిగాను. ఆయన మాట్లాడకుండా రెండు హోల్డర్లూ ఒకదాని వెంట ఒకటి కలిపి స్విచ్ వేశారు. నలభై వెలిగింది. వందలో తీగ మాత్రం ఎర్రగా కనబడింది!

"నలభైలో తీగ సన్నంరా. కరెంటుకి అడ్డెక్కువ. రెండింట్లోనూ ఒకే కరెంటు పారినప్పుడు, అడ్డెక్కువున్నదే ఎక్కువ వేడెక్కుతుంది" అన్నారు. నలభైని ఊడదీస్తే రెండూ ఆరిపోయాయి.

తర్వాత పారలల్‌గా కట్టారు. వంద ధగధగలాడింది. ఈసారి నలభైని తీసేసినా దాని వెలుగు తగ్గలేదు.

రాత్రి లెక్కేసుకున్నాను. 230 వోల్టుల దగ్గర నలభైకి సుమారు 1,322 ఓములు, వందకి 529. ఓం సూత్రం పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! అది మా ఇంటి హోల్డర్లలో ఉందని మాత్రం ఎన్నడూ తోచలేదు.

మర్నాడు జవాబు చెప్పాను.

"ఎవరు చూపించారోయ్?" అన్నారు మాస్టారు.

"మా నాన్న సార్. వైర్‌మన్" అన్నాను, అందరికీ వినబడేట్టు.