ఎట్లా తెచ్చావురా?

మొన్న సంక్రాంతికి డోన్ వెళ్ళాను (మా పెద్దోళ్ళకి ఇప్పటికీ ద్రోణాచలమే). అక్క కొడుకు లెక్కల పేపర్ తెచ్చి చూపించాడు. పోయినసారి 28, ఈసారి 41. "శానా తెలివైనోడివిరా" అనబోయి ఆగిపోయాను.

ఎందుకంటే బళ్ళో ఆ బిరుదు మోసినవాణ్ణి నేనే. సారు అందరిముందూ నన్ను పొగిడేవారు. నా పక్కన కూర్చునేవాణ్ణి మాత్రం "నీ బుర్రలో మట్టి ఉందిరా" అనేవారు. వాళ్ళ నాన్న బేతంచెర్ల వైపు నాపరాళ్ళ గనిలో పనికెళ్ళేవాడు. పదో తరగతి తప్పాక వాడూ అటే వెళ్ళిపోయాడు. మరి నేనేం బాగుపడ్డాను? కష్టమైన లెక్క వస్తే వదిలేసేవాణ్ణి. చేసి తప్పితే పరువు పోతుంది కదా! సాఫ్ట్‌వేర్‌లో చేరాక కూడా, తెలీనిది తెలీదని చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అమెరికాలో అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు అచ్చయ్యాయి. తెలివిని పొగిడించుకున్న పిల్లలు, ఒక కష్టమైన పరీక్షలో దెబ్బతిన్నాక, తర్వాతి తేలిక పరీక్షలో కూడా వెనకబడ్డారు. శ్రమని మెచ్చుకున్నవాళ్ళు మెరుగయ్యారు. అలాగని ఊరికే "కష్టపడు" అంటే సరిపోదు లెండి. ఎక్కడ తప్పాడో, ఏం మార్చాలో కూర్చుని చూపించాలి.

అందుకే వాణ్ణి అడిగాను, "ఈ 13 మార్కులు ఎట్లా తెచ్చావురా?"

"తప్పిన లెక్కలన్నీ మళ్ళీ చేసినా మామా."

ఇద్దరం కూర్చుని మిగిలిన తప్పులు కూడా చూశాం. నా పక్కన కూర్చున్నవాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ అడగలేదు.