మోర్తాడ్ ఈతవనంలో గోధుమ బీరు

అమెరికాలో మా బీరు క్లబ్బులో ఒక నియమం ఉంది. సీసా తెచ్చినవాడు నోరు విప్పకూడదు. గ్లాసు అందరి చేతుల్లోకీ వెళ్లి, మార్కుల కాగితాలు నిండేదాకా అతను గోడకానుకుని నిలబడాల్సిందే. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకు 5, మొత్తమ్మీద ఎలా ఉందన్నదానికి 10. వెరసి 50. అక్కడ ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల పోటీలు చాలావరకు ఈ లెక్కమీదే నడుస్తాయి. ముప్పై మార్కులు వస్తే పరవాలేదు, నలభై దాటితే ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఇలాంటి పిచ్చి ఉన్న నన్ను, ఫిబ్రవరిలో ఇండియా వచ్చినప్పుడు, మా తోడల్లుడు నిజామాబాద్ జిల్లాలోని మోర్తాడ్‌కు తీసుకెళ్లాడు. ఆయనది ఆ పక్క పల్లె. పదేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చి ఇప్పుడు పసుపు, ఎర్రజొన్న వేస్తున్నాడు. "నీ మార్కులు మా గౌడ్ల కల్లుకు వెయ్యి అన్నా, చూద్దాం" అన్నది ఆయనే. నా పెట్టెలో నేను కాచిన గోధుమ బీరు సీసాలు రెండున్నాయి. బంధువులకని తెచ్చాను కానీ, వాళ్లలో ఒక్కరూ మూత తియ్యమని అడగలేదు.

నిజామాబాద్ నుంచి బయల్దేరి అంకాపూర్‌లో తిన్నాం. అక్కడి నాటుకోడి కూర పేరు ఎక్కడెక్కడికో పాకింది. కోడి మొత్తంగా కొనాలి, వండి అన్నంతో సహా ఇస్తారు. కూర బాగుంది, కాకపోతే అంత కారం వేస్తే అది నాటుకోడో ఫారం కోడో నాలుకకు తెలిసే వీలుండదు. మా తోడల్లుడు ఈ మాటకు నొచ్చుకున్నాడు. ఆర్మూర్ దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న నల్లటి గుండ్ల మధ్య నుంచి పోతున్నంతసేపూ మాట్లాడలేదు. పెర్కిట్ దాటాక రోడ్డు పక్కన కొత్త పసుపు ఉడుకుతున్న ఆవిరి కారులోకి వచ్చేసరికి కరిగాడు. మట్టి, అల్లం, ఏదో మందు కలిసినట్టున్న ఆ వాసన నా చొక్కాను రెండు ఉతుకులదాకా వదల్లేదు.

పెద్దపల్లి రైలు మార్గం ఏళ్లకేళ్లు సాగి 2017లో నిజామాబాద్‌ను కలిశాక మోర్తాడ్‌కూ స్టేషన్ వచ్చింది. ఊరు మండల కేంద్రమే అయినా రోడ్డు మీంచి చూస్తే ఎరువుల దుకాణాలు, సెల్‌ఫోన్ దుకాణాలు, బీడీల గంపలతో పోయే ఆడవాళ్లు కనిపిస్తారు, అంతే. ఆ రాత్రి సంగతి చెప్పడానికేం లేదు, దోమలు తప్ప.

తెల్లవారకముందే లేపారు. ఈతవనం వాగు గట్టున ఉంది. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడితే, పైన ఎక్కడో కత్తి గీస్తున్న చప్పుడు సన్నగా వినిపించింది. ఈత చెట్టు మొదలు చూస్తే ఒకసారి ఇటు, ఒకసారి అటు మెట్లుమెట్లుగా గాట్లుంటాయి. ఒక ఏడు ఒక వైపు గీస్తే, మరుసటి ఏడు రెండో వైపు గీస్తారు. ఆ గాట్లు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లుగా కల్లు పారుతున్నదో చెప్పొచ్చట. మా తోడల్లుడు ఒక చెట్టుకు పదిహేడు దాకా లెక్కపెట్టి, పైన కనబడక వదిలేశాడు.

చెట్టు దిగిన పెద్దాయనకు అరవై దాటాయి. మోకు భుజాన వేసుకుని, లొట్టి అనే కల్లు కుండను కింద పెట్టి, ముందు ఆయనే మొదలుపెట్టాడు. ఇది ఏ చెట్టుది, ఎన్నో రోజు గీత, నిన్న గాలి ఎటు నుంచి కొట్టింది, లొట్టి ఎప్పుడు కడిగాడు, అన్నీ చెప్పాకే నా గ్లాసులో పోశాడు. మా క్లబ్బులో అయితే ఈ మనిషిని బయటికి పంపేవాళ్లు.

మొదటిది అప్పుడే దించింది. మొగిలి పువ్వులాంటి పరిమళం, చల్లగా తీపి, చివర్లో రవ్వంత చురుకు. జేబులో చక్కెర చూసే చిన్న అద్దం గొట్టం ఉంది. ఒక చుక్క వేసి వెలుగుకేసి చూస్తే, నేను బీరు కాచే రోజు పొయ్యి మీంచి దించిన ద్రావకంలో ఎంత చక్కెర ఉంటుందో ఇంచుమించు అంతే కనబడింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పిండి చేసి, వేడినీళ్లలో నానబెట్టి గంజిని చక్కెరగా మార్చుకోవడానికి నాకు ఒక పూట పడుతుంది. చెట్టు ఆ పని మొత్తం రాత్రికి రాత్రే ముగించింది.

రెండోది అదే వరసలోని వేరే చెట్టుది. లొట్టిని కడగకుండా కట్టాడు. గంటలు పెద్దగా తేడా లేవు, రుచి మాత్రం ఎక్కడికో పోయింది. నురగ ఎగసి గ్లాసు అంచు దాటింది, తీపి సగం చచ్చింది, పులుపు వచ్చి కూచుంది. నిన్నటి కల్లు అడుగున అంటుకుని ఉన్న లొట్టిలో కొత్త చుక్క పడగానే పులవడం మొదలవుతుందని ఆయన చెప్పాడు. బీరులో మేం ఈస్ట్ అని కొని వేసుకునేది ఆ లొట్టి గోడల్లోనే కాపురముంటుంది. కల్లులో ఈస్ట్‌తోపాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా పనిచేస్తుంది. మెక్సికోలో కలబందను పోలిన ఒక మొక్క పాలను పులియబెట్టి పుల్కే అనే పానీయం చేస్తారు. జైమోమోనాస్‌ను ఆ పానీయం నుంచి కూడా వేరుచేశారు. అది బీరులోకి దూరితే కుళ్లిన ఆపిల్ వాసన వేస్తుందని మేం పీపాలకు పీపాలు పారబోస్తాం. ఇక్కడ అదీ ఒక వంటమనిషే.

మూడోది తాటికల్లు. ఎవరో సైకిల్ మీద తెచ్చారు. ఈతకల్లు అలవాటైన ఊళ్లో తాటికల్లంటే కాస్త చిన్నచూపని నాకు అక్కడే తెలిసింది. ముదురుగా, బరువుగా ఉంటుంది. నాకదే ఎక్కువ నచ్చింది. ఆ మాట పైకి అంటే మా తోడల్లుడు మళ్లీ మొహం ముడుచుకున్నాడు.

ఎండెక్కేసరికి మనుషులు చేరారు. శెనగ గుడాలు కాగితం పొట్లాల్లో వచ్చాయి. వచ్చినవాళ్లలో ఒక అవ్వ ఉంది. స్టీలు చెంబు ముందు పెట్టి, రెండో లొట్టిది ఒక గుక్క తాగి, చాలాసేపు మింగకుండా ఉంచుకుంది. ఆపైన పెద్దాయన వైపు తిరిగి, "చెట్టు అలిసింది కొడుకా. గీసుడు బందువెట్టు, వారం ఆరనియ్యి" అంది.

"అవునే అవ్వా, నాకూ అనుమానమే ఉండె. నీళ్లయితుంది."

"నిన్ననే చెప్పేదుండె."

అంతే. ఆయన లేచిపోయి ఆ చెట్టుకు లొట్టి విప్పేశాడు. ఇన్నేళ్లుగా నేను బీరుకు మార్కులు వేస్తున్నాను, వేయించుకుంటున్నాను. ఒక గుక్క తాగి ఇంత సూటిగా, ఇంత పనికొచ్చేలా ఎవరైనా చెప్పడం నేను చూడలేదు. మా కాగితాల మీద "కొంచెం పల్చగా ఉంది, బహుశా ద్రావకంలో చక్కెర తక్కువ" అని రాస్తాం. వచ్చే నెల బీరు కాచినప్పుడు దాన్ని పట్టించుకుంటే పట్టించుకుంటాం, లేకపోతే లేదు. అవ్వ మాటకు పది నిమిషాల్లో అమలు జరిగింది. ఆ చెంబుకు ఆమె డబ్బులిచ్చింది కూడా, కల్లు నీళ్లగా ఉన్నా సరే. రోజూ అదే చెట్టుది తాగుతూ పోతేనే ఆ తేడా నాలుకకు దొరుకుతుంది. నేను ఊరూరా తిరిగి ఒక్కో గుక్క రుచి చూస్తే ఏ చెట్టు అలిసిందో జన్మలో తెలియదు.

ఇలాంటి నాలుకలు జిల్లాలో ఎన్ని మిగిలాయన్నది వేరే ప్రశ్న. నిజామాబాద్ కల్లు అనగానే హైదరాబాద్‌లో జనం కనుబొమలు ఎగరేస్తారు, అందుకు కారణం ఉంది. చెట్లు తగ్గి, తాగేవాళ్లు పెరిగిన చోట నీళ్లలో శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వేసి అమ్మడం ఇక్కడ ఏళ్లుగా నడిచింది. ఊళ్లో దాన్ని మందు కల్లు అంటారు. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి ఆ సరుకు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ మనుషులు ఆసుపత్రులకు క్యూ కట్టారు. అప్పటిదాకా వాళ్లు తాగుతున్నది కల్లు కాదని చాలా ఇళ్లలో అప్పుడే తెలిసింది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు కూడా. మందు కల్లుకు రుచితో పనిలేదు, నిద్ర పడితే చాలు. పెద్దాయన ఈ సంగతి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. "నా కల్లు తాగితే నిద్ర రాదంటరు సారూ, గందుకే పోరగాళ్లు రారు."

మా తోడల్లుడు నా సీసాల సంగతి అప్పుడు బయటపెట్టాడు. వద్దన్నా వినలేదు. కుండ నీళ్లలో చల్లబెట్టి మూత తీస్తే నురగ బాగానే లేచింది, ఆ మాత్రానికి నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. క్లబ్బు నియమం గుర్తుచేసుకుని నేను నోరు మూసుకున్నాను. గ్లాసు పెద్దాయనకిచ్చారు.

"ఎన్నడు దించిండ్రు సారూ ఇది?"

"డిసెంబర్‌లో."

"రెండు నెల్లాయె! ఇంక సిర్క కాలేదా?"

అందరూ నవ్వారు. కల్లు దించిన రోజు దాటితే సిర్కా, అంటే వెనిగర్, దారి పట్టినట్టే. మరిగించాం, గాలి తగలనివ్వలేదు, హాప్స్ అని ఒక తీగ పువ్వులు వేశాం, ఆ చేదు కొన్ని క్రిములను రానివ్వదు అని చెబితే ఆయన తల ఊపాడు కానీ మొహం మాత్రం, పాత అన్నం పెట్టినవాణ్ని చూసినట్టే ఉంది. వాసన చూశాడు, తాగాడు, గ్లాసు అవ్వకిచ్చాడు. ఆమె పెదవులు ముడిచి, "చేదు" అంది. మళ్లీ ఒక గుక్క తాగి, "అరటిపండ్లు మాగవెట్టిన అర్ర లెక్క వాసనస్తుంది" అంది.

నేను లేచి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలనుకున్నాను. జర్మనీ తరహా గోధుమ బీరుకు వాడే ఈస్ట్ సరిగ్గా ఆ వాసననే పుట్టిస్తుంది, అరటిపండు, వెంట కాస్త లవంగం. ఆ అరటిపండు కోసమే నేను పులిసే పీపా వేడిని ఒక డిగ్రీ అటూ ఇటూ మారుస్తూ చలికాలం గడిపాను. క్లబ్బులో ఒక్కడు "పండ్ల వాసన, సంతోషకరం" అని రాశాడు, ఏ పండో రాయలేదు.

పెద్దాయనకు వాసనలతో నిమిత్తం లేదు, లెక్క కావాలి. "లైసెన్సు ఎంత పడుతది మీ దగ్గర?"

లైసెన్సు లేదని చెప్పాను. 1978 దాకా అమెరికాలో కూడా ఇంట్లో బీరు కాస్తే నేరమే. జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ అడ్డు తొలగింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్లు, అంటే దాదాపు 750 లీటర్లు కాచుకోవచ్చు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. ఇప్పటికీ అమ్మడానికి వీల్లేదు. మన దగ్గరైతే 1968 ఎక్సైజ్ చట్టం కింద ఇంట్లో బీరు కాచుకుంటే కేసే. చెట్టు గీయాలన్నా లైసెన్సు ఉండాలి.

"అమ్మద్దా?" ఆయన ఆగిపోయాడు. "అమ్మకుంటే మరి ఎందుకు చేస్తరు సారూ?"

సరదాకి అన్నాను. ఆయనకు ఈ పని సరదా కాదు, తాటిచెట్టు మీంచి పడి నడుం పోయిన తమ్ముడున్నాడట. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష కవచం అని తాళ్లూ బెల్టులూ ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అది తమ్ముడికి పనికిరానంత ఆలస్యంగా వచ్చింది. "సరదాకి" అన్నమాటను ఆయన నోట్లో ఒకసారి తిప్పుకుని, నవ్వకుండానే గుడాల పొట్లం నా వైపు జరిపాడు.

పక్కన ఇందాకటి నుంచి వింటున్న రైతు ఒకాయన ముందుకు జరిగాడు. "దేనితోని చేస్తరన్నరు? బార్లీనా? జొన్నలతోని అయితదా?"

అవుతుంది. ఆఫ్రికాలో తరతరాలుగా జొన్నలతో చేస్తారు. నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతి ఆపేస్తే అక్కడి పెద్ద బీరు కంపెనీలన్నీ జొన్నకు మారక తప్పలేదు. ఇది చెబుతుంటే ఆయన కళ్లు మెరిశాయి. ఈ మోర్తాడ్, ఆర్మూర్, బాల్కొండ చుట్టూ పండే ఎర్రజొన్న విత్తనంగా ఉత్తరాదికి పోతుంది, అక్కడ పశువుల మేత కోసం చల్లుతారు. ధర వ్యాపారుల చేతిలో ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో ఎర్రజొన్న, పసుపు రైతులు ధర కోసం రోడ్ల మీద కూచున్నారు. ఆ ఏటి ఎన్నికల్లో రైతులు వరసగా నామినేషన్లు వేయడంతో నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది మిగిలారు. ఆ 185 మందిలో తన మేనమామ ఒకడని ఆయన గర్వంగా చెప్పాడు.

మందు పూసిన విత్తనం పనికిరాదని, మొలక వచ్చాక ఎండబెట్టి మొలకలన్నీ దులిపెయ్యాలని చెప్పాను. లేత జొన్న మొలకలో విషం ఉంటుంది.

"ఎరికే. లేత జొన్న మేస్తే బర్రె సస్తది" అన్నాడాయన. "అయితే క్వింటాలు ఎంతకు తీసుకుంటరు?"

నాకు ఐదు కిలోలు చాలన్నాను.

ఆయన మా తోడల్లుడి వైపు చూశాడు. మా తోడల్లుడు వాగు వైపు చూశాడు. మర్నాడు బోధన్ వెళ్లాను, 2015లో ఆగిపోయిన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ గొట్టం కింద టీ తాగాను, తిరిగొచ్చాను. ఎర్రజొన్న మాత్రం అయిదు కిలోలు కాదు, ఇరవై కిలోల సంచి కారు డిక్కీలో ఉంది. ఆ రైతు డబ్బులు తీసుకోలేదు. బీరు అయినంక రెండు సీసాలు పంపాలట, ఒకటి తనకు, ఒకటి అవ్వకు.