లెక్కలో పడని ఆర్డర్లు

జగిత్యాల నుంచి దుబాయ్ వచ్చి తొమ్మిదేళ్లయింది. చదివింది ఇంటరే. ఇంటర్నెట్‌లో సామాన్లు అమ్మే దుకాణం ఆఫీసులో క్లర్కును.

పోయిన నెల మా మేనేజర్ గూగుల్ అనలిటిక్స్ లెక్క చూపించి, "అమ్మకాలు సగానికి పడిపోయాయి, గోదాములో ఇద్దరిని తీసేయాలి" అన్నాడు. ఆ ఇద్దరూ మనలాగే క్యాంపులో ఉండే తమ్ముళ్లు. నాకు నమ్మకం కుదరలేదు. రోజూ బిల్లులు కొట్టేది నేనే. అవేమీ తగ్గలేదు.

ఆ రాత్రి వారం రోజుల బిల్లులు ముందేసుకుని, ఆర్డరు నంబర్లు ఒక్కొక్కటీ కంప్యూటర్ లెక్కతో సరిచూశాను. సామాను అందాక డబ్బిచ్చేవాళ్ల ఆర్డర్లన్నీ ఉన్నాయి. కార్డుతో కట్టినవాళ్లవి చాలా లేవు.

కారణం తెలిసింది. ఇదివరకు కార్డు నంబరు మా పేజీలోనే కొట్టేవారు. ఆ నెలే దాన్ని మార్చి బ్యాంకు పేజీకి పంపుతున్నారు. కట్టాక మా "ధన్యవాదాలు" పేజీకి తిరిగొస్తేనే లెక్క పడుతుంది. చాలామంది డబ్బు కట్టగానే ఫోన్ పక్కన పడేస్తున్నారు.

పొద్దున్నే మేనేజర్ ముందు బిల్లులు పెట్టాను. డబ్బు ముట్టినట్టు బ్యాంకు నుంచి మా సర్వర్‌కు కబురు రాగానే లెక్క పడేలా వెబ్‌సైటు చేసినాయన మార్చాడు. తమ్ముళ్ల పని నిలిచింది.

సోదరులారా, మీ ఓవర్‌టైమ్ సంగతీ ఇంతే. మిషన్‌లో పడలేదంటే మీరు పని చేయలేదని కాదు. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము చిన్న నోట్‌బుక్కులో రోజూ రాసుకోండి. చేతిలో బిల్లులు లేకుంటే ఆ రోజు నాకు నోరు లేచేది కాదు.