బెట్టీ గారి వూరు

మనకు చూడదగ్గ స్థలమంటే గుడైనా వుండాలి, కోటైనా వుండాలి. రెండూ లేకపోతే ఓ జలపాతమైనా దూకుతూ వుండాలి. అలాంటి చోటికైతే తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, పిల్లలకు స్వెట్టర్లు తొడిగి బయలుదేరతాం. గోడలకేసి తలెత్తి చూసి "ఎట్లా కట్టారో, యేమో!" అని ఆశ్చర్యపోతాం. పులిహోర అయిపోగానే చరిత్రా అయిపోతుంది. కట్టించిన రాజు పేరు బస్సెక్కేలోపల మరచిపోతాం.

ఆ లెక్కన జైనూరులో చూడవలసినదేమీ లేదు. ఓ బజారు, బస్సులాగే చోటు, చుట్టూ గుట్టలు. నేను వెళ్ళింది చూడడానికీ కాదు. మా చిన్నమ్మాయికి 2024 అక్టోబరులో టీచరుద్యోగం వచ్చి, ఆ మండలంలో ఓ చిన్న వూళ్ళో వేశారు. మాది కాగజ్‌నగర్. "జిల్లా ఒకటే కదా" అంటారు మావారు. ఒకటేగాని, ఆసిఫాబాద్ దాటి కెరమెరి ఘాటు మలుపుల్లో కడుపులో దేవుతూ వెళ్ళిన నాకు తెలుసు ఆ ఒక్క జిల్లా ఎంత పొడుగో! పైగా ఉద్యోగం రావడానికి ముందు నెలలోనే జైనూరులో గొడవలు జరిగి నిషేధాజ్ఞలు పెట్టారు. పెళ్ళి కావలసిన పిల్ల గది అద్దెకు తీసుకుని ఒంటరిగా వుంటానంటే యే తల్లి ప్రాణం కుదుటపడుతుంది, మీరే చెప్పండి.

అందుకని సంక్రాంతి సెలవులకు వచ్చిన పిల్లను దిగబెట్టే నెపంతో నేనూ బయలుదేరాను. సంచిలో పైన సకినాలు, నువ్వులపొడి, మామిడికాయ తొక్కు. అడుగున, డిప్యుటేషన్ మీద కాగజ్‌నగర్ పంపించమని మావారు రాసిచ్చిన దరఖాస్తు. పిల్ల సంతకమొక్కటే తక్కువ.

ఆదివారం పొద్దున అది నా చేతికి టీ గ్లాసిచ్చి, "కాగితం సంగతి సాయంత్రం చూద్దాం. పా, మార్లవాయి పోయొద్దాం" అంది.

"అక్కడేమున్నది?"

"రెండు సమాధులు."

పండగ పూట సమాధులేమిటే అంటే వినే పిల్లయితే కదా! మార్లవాయి జైనూరుకు దగ్గరే. ఆటోలో చలికి చెవులు గడ్డకట్టాయి. దారి పొడుగునా పత్తిచేలు, కందిచేలు. గోండుల ఇళ్ళ ముందు అలికిన వాకిళ్ళు చూడాలి. అంత నున్నగా అలకడం మా అత్తగారికి తప్ప మరొకరికి చేతనవడం నేను చూడలేదు.

సమాధుల్లో ఒకటి హైమన్‌డార్ఫ్ దొరది, ఒకటి ఆయన భార్య బెట్టీది. దొర పేరు మీరు వినే వుంటారు. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు. 1938లో బెట్టీని పెళ్ళాడాడు. 1939లో మనదేశం వచ్చాడో లేదో యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే హిట్లరు మింగేశాడు గనక ఈయన చేతిలో వున్నది జర్మనీ పాస్‌పోర్టు. శత్రుదేశం మనిషన్నమాట! హైదరాబాదు సంస్థానంలోనే వుండాలన్నారు. సరే, వుండమన్న చోటే వుండి, చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఈ గోండుల మీద లావుపాటి పుస్తకాలు రాశాడు.

అయితే నిజాం సర్కారు ఇటువైపు తల తిప్పింది దొరవల్ల కాదు, కుమ్రం భీం వల్ల. తమ నేల, తమ అడవి తమకు కావాలన్నందుకు 1940లో జోడేఘాట్‌లో ఆయన్ను కాల్చి చంపారు. ఆ తుపాకులు పేలాకగాని వీళ్ళకేం కష్టమొచ్చిందో కనుక్కుందామన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న నేల కాగితాల్లో అడవిశాఖ పేరనో, పైనుంచి వచ్చిన షావుకారు పేరనో వుండడమే ఆ కష్టం. దొర చెప్పిన సలహాల మీద వేల కుటుంబాలకు పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలోనే గోండు పంతుళ్ళను తయారుచేసే బడి పెట్టారు. గోండీ వాచకాలు నాగరి లిపిలో అచ్చువేశారు. ఇవన్నీ మా అమ్మాయి పాఠంలా చెప్పుకుపోతోంది. నేను మాత్రం పక్క సమాధికేసే చూస్తున్నాను.

పెళ్ళయిన మరుసటేడే దేశంకాని దేశం. మొగుడేమో కదలకూడని మనిషి. అడవిలో పూరింట్లో కాపురం. చలిజ్వరాలకు పెట్టింది పేరైన చోటు. వంటమనిషి వుండే వుంటాడు లెండి, దొరలు కదా. అయినా యే పూటకు యేం వండాలో ఆ వంటమనిషికైనా ఎవరో ఒకరు చెప్పాలిగా! కూతుర్ని ఇంతదూరం పంపిన ఆ తల్లి మొదటి వుత్తరంలో యేమని రాసి వుంటుందో! "ఒంట్లో యెలా వుంది, తిరిగి వచ్చెయ్యి" అనేగా?

తరవాత ఆయన లండన్‌లో ప్రొఫెసరయ్యాడు, నేపాల్ కొండలెక్కాడు. ఆవిడా వెంటే వుంది. అలాగని వుత్తినే వెంట నడిచిన మనిషి కాదు. దక్షిణాసియా జాతుల మీద వచ్చిన పుస్తకాలకూ వ్యాసాలకూ పెద్ద పట్టిక తయారుచేసి, 1958 నుంచి సంపుటాలుగా తెచ్చింది. చాకలిపద్దు, పాలపద్దు రాసుకునే మనకు తెలుస్తుంది అదెంత ఓపిక పనో. చేసినవాళ్ళ పేరు ఎంతమంది తలుస్తారో కూడా మనకే తెలుస్తుంది.

1987లో ఆవిడ హైదరాబాదులో పోయింది. గోండుల ఆచారం ప్రకారం ఇక్కడ సాగనంపారు. ఆయన 1995లో లండన్‌లో పోతే, అస్థికలు 2012లో వచ్చి ఆవిడ పక్కకు చేరాయి. అంటే పాతికేళ్ళు ఆవిడ ఒక్కతే వుంది మార్లవాయిలో. ఏటా జనవరి 11న ఇద్దరికీ వర్ధంతి చేస్తారు. మేం వెళ్ళేసరికి వారమైంది. బంతిపూలు ఎండిపోయి వున్నాయి.

ఇంతలో ఓ ముసలమ్మ వచ్చి "రాంరాం" అని, మా అమ్మాయిని గోండీలో యేదో అడిగింది. ఇదీ తడుముకుంటూ గోండీలోనే జవాబు చెప్పింది. మూడు నెలల్లో! పదేళ్ళు పోరినా చుక్కలముగ్గు నేర్చుకోని పిల్ల!

"ఏమంటున్నదే?"

"మీ అమ్మనా అంటున్నది. రొట్టె తిని పొమ్మంటున్నది."

జొన్నరొట్టె, వంకాయకూర పెట్టింది. కారం కాస్త ఎక్కువేగాని, రొట్టె నా చేతిలో కూడా అంత పల్చగా సాగదు. తింటూంటే ముసలమ్మ నా గాజులు తడిమి చూస్తూ, ఈసారి తెలుగులో, "బిడ్డ ఒక్కతే వుంటదని రంధి పడుతున్నవా బాయీ?" అంది. తల వూపాను.

"నా మనుమరాలు హైదరాబాద్‌ల నర్సు చదువుతది. గంత పెద్ద వూరు, ఎవలు మంచోళ్ళో ఎవలు కాదో! ఎట్లుంటదో పోరి" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. యేం చెప్పను? సకినాల పొట్లం చేతిలో పెట్టాను.

గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ వచ్చిన కనకరాజు గారిదీ ఈ వూరేనట. ఆయన పోయింది 2024 అక్టోబరులో, మా పిల్ల ఉద్యోగంలో చేరిన నెలలోనే. జోడేఘాట్‌లో 2016లో తెరిచిన మ్యూజియం కూడా చూపిస్తానందిగాని పొద్దు చాలలేదు.

సాయంత్రం దరఖాస్తు తీశాను. అది పెన్ను మూత తీసి, "పెట్టమంటే పెడత, నీ ఇష్టం" అంది. నా ఇష్టమట! ఆ పెన్ను లాక్కుని, "ముందు ఈ గది గొళ్ళెం సంగతి చూడు, గాలికే ఊడేట్టుంది" అన్నాను. బజారుకు పోయి కొత్త గొళ్ళెం, పెద్ద తాళం కొన్నాం. వడ్రంగి వచ్చి బిగించేసరికి రాత్రి ఎనిమిదైంది.

దరఖాస్తు యేమైందని మావారు అడిగితే, ఆదివారం కదా, ఆఫీసరు దొరకలేదన్నాను. వేసవి సెలవుల దాకా ఆ మాట మీదే నిలబడ్డాను.